మూడుసార్లు ఒకే దగ్గు

“మామూలుగా మీరేం చేస్తుంటారు?” అని అడిగాడు నగేష్, ప్రశ్నలు వేయాల్సింది తనే అన్నట్టు.

“ఒక్క ప్లాటును ఇద్దరికి అమ్మినోళ్లను పట్టిస్త,” అంది రూత్. “పెండ్లికి ముందు పిలగాని సంగతి కనుక్కొని చెప్త. నడుమ నడుమ ఇట్లాంటియి.”

నగేష్ పెదవి ఒక పక్కకు లాగాడు. చేపల సంఘం గది అరుగు మీద ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో తను కూర్చుని, ఆమెకు ముక్కాలి పీట చూపించాడు. రూత్ కూర్చోలేదు. యాచారంలో పుట్టి, పదకొండేళ్లు కోర్టులో స్టెనోగా చేసి, ఇప్పుడు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో జిరాక్సు షాపు పైన ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. నలభై మూడేళ్లు. నిలబడి రాసుకోవడం ఆమెకు కొత్త కాదు.

గురువారం, పదకొండున్నర. రెండు గంటలకు ఎల్లేశ్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలే. చేతిలో ఉన్నది రెండున్నర గంటలు.

మంగళవారం సాయంత్రం అయిదు నలభైకి సీమోను శవం, ఎల్లేశ్ నాలుగు పదికి వేసిన వలలో చిక్కుకుని దొరికింది. ఎల్లేశ్ ఈ చెరువులో చేపలు పట్టేవాడు. సీమోను చెల్లో వాయించేవాడు. నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చే పెద్ద ఫిడేలు అది. చెరువు చుట్టూ ఉన్న నాలుగు బెస్తవాడల్లో తొమ్మిది రోజుల వేసవి సంగీతోత్సవం పెట్టించి, దానికి డైరెక్టర్ అని పేరు వేసుకున్నవాడు నగేష్. నాలుగు తీగ వాద్యాలు, చిన్న గది, నలభై కుర్చీలు. మైకు ఉండదు. కుర్చీల్లో కూర్చునేవాళ్లందరూ హైదరాబాదు నుంచి కార్లలో వస్తారు. వాడవాళ్లు బయట నిలబడి చూస్తారు.

“మంగళవారం మీరు ఏ టైముకు ఏడ ఉన్నరో చెప్పున్రి.”

“పోలీసులకు చెప్పాను.”

“నాగ్గూడ చెప్పున్రి.”

నగేష్ నిట్టూర్చాడు. “రెండున్నరకు సీమోను ఇక్కడ భోజనం చేశాడు. రెండు యాభైకి నేను కారెక్కాను. ఆదివారం ముగింపు కచేరీకి అనుమతి కాగితం కావాలి. కొంగరకలాన్‌లో కలెక్టరాఫీసు రిజిస్టరులో నా సంతకం ఉంది, మూడుంపావుకు. కెమెరాలో నా ముఖం ఉంది. నాలుగున్నర దాకా అక్కడే ఉన్నాను. మూడు నుంచి నాలుగు దాకా ఈ గదిలో సీమోను తలుపేసుకుని వాయించుకుంటున్నాడు. అది వాడంతా విన్నది. అంటే నాలుగు దాకా బతికే ఉన్నాడు. తర్వాత ఆ తాగుబోతు చంపాడు. చాలా?”

“ఎల్లేశ్ తాగడు.”

“వీళ్లంతా తాగుతారు.”

రూత్ ఆ మాటను కూడా షార్ట్‌హ్యాండులో రాసుకుంది. కోర్టులో ఎంతోమంది పెద్దమనుషులు ఆమె పెన్ను ముందు ఇలాంటి మాటలు అనేసి, తర్వాత అనలేదన్నారు.

“పొద్దుగాల లొల్లి ఎందుకైంది?”

“వీళ్లు పళ్లేలు కొట్టి చేపల్ని వలలోకి తోలతారు. ఆ మోత మధ్యలో రిహార్సల్ ఎలా? నాలుగు రోజులు పళ్లేలు ఆపమన్నాను. ఎల్లేశ్ మా వాద్యాలు చెర్లో పారేస్తానని అరిచాడు.”

“ఎవల మీద?”

“మా అందరి మీదా.”

“సీమోను మీద కాదు కద. పళ్లేలు ఆపితే తాను వాయించనని సీమోనే అన్నడంట.”

నగేష్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. “సీమోను కూడా పల్లెటూరివాడేగా. ఎంత నేర్చుకున్నా బుద్ధులు ఎక్కడికి పోతాయి?”

రూత్ పుస్తకం మూసి అరుగు చివరికి నడిచింది. అక్కడ పోశమ్మ బండరాయి మీద చేపలకు పొలుసు తీస్తోంది. ఎల్లేశ్ ఆమె కొడుకు. రూత్‌ను పిలిపించింది ఆమే.

“అత్తా, మంగళారం దినం నువ్వు ఈడనే కూసున్నవా?”

“ఈడనే బిడ్డా. యాచారం బస్సు పోయినంక షురూ అయింది, మూడు గంటలకు. కిర్రుమని ఒకటే గుంజుడు. నేనేమన్న ఇనాల్నని కూసున్ననా. నా పని నేను చేసుకుంటున్న.”

“పాట తప్ప ఇంకేమన్న ఇనొచ్చిందా?”

“దగ్గిండు.”

“ఎన్నిసార్లు?”

“మూడుమాట్ల.” పోశమ్మ కత్తి పక్కన పెట్టింది. “మనిషన్నంక దగ్గస్తది, నాకెర్కనే. కని మూడుమాట్లు ఒక్కతీర్గనే దగ్గుతరా? గట్టిగ రెండు, మెల్లగ ఒకటి, ఎన్కనే తీగ కీసుమన్నది. మల్ల గదే పాట మొదట్నించి. గాడికి రాంగనే మల్ల గదే దగ్గు, గదే కీసుమనుడు. రాలేనోడు నేర్చుకుంటుండేమో అనుకున్న.”

“ఈ మాట పోలీసోళ్లకు చెప్పినవా?”

“చెప్పిన. తల్లివి, నువ్వు గట్లనే అంటవన్నరు.”

అప్పుడే గట్టు మీద నల్లటి కారు ఆగింది. ధర్మేందర్ దిగాడు. డీఎస్పీగా రిటైరై హైదరాబాదులో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న మనిషి. ఉత్సవ కమిటీ అతన్ని పెట్టుకుంది. బుధవారం పొద్దున పిలిస్తే వచ్చానని చెప్పి, ఆ మధ్యాహ్నానికల్లా కేసంతా విప్పి పోలీసులకు అప్పజెప్పాడు. ఎల్లేశ్ పేరు మొదట అన్నది అతనే.

“ఏం రూత్, ప్లాట్లన్ని ఒడిసిపోయినయా?” అన్నాడు మెట్లెక్కుతూ. “హత్య కేసుల పడ్డవ్.”

“మీరు తీరిపోయిందన్న కేసు జర చూద్దామని వచ్చిన సార్.”

“ముప్పై నాలుగేండ్ల సర్వీసు నాది. నువ్వు కోర్టుల కూసొని మేము చెప్పింది టైపు కొట్టినదానివి.”

“అవ్. అందుకే మీరు చెప్పినవి ఎన్ని నిలవలేదో నాకు గుర్తున్నయి.”

ధర్మేందర్ నవ్వు మాయమైంది. జేబులోంచి ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. “ఇది చూడు. ఉత్సవం పేజీల కమిటీ పిల్లలు పెట్టిన వీడియో. మంగళవారం మూడు ఇరవై రెండు.”

అరనిమిషం వీడియో. చెరువు నీళ్లు, తెప్ప, ఒక కొంగ. వెనక నుంచి, ఈ గది మూసిన కిటికీలోంచి చెల్లో. నడుమ దగ్గు. గట్టిగా రెండు, మెల్లగా ఒకటి. తీగ మీద విల్లు జారిన కీచు.

“మనిషి బతికున్నడా, లేడా?” అన్నాడు ధర్మేందర్. “ఆ ముసల్దాని మాట నాకక్కర్లేదు. ఇది సాక్ష్యం.”

“మంచి సాక్ష్యం,” అంది రూత్. “దాన్ని మాత్రం డిలీట్ చేయకున్రి. గది తెరువున్రి.”

తాళంచెవి నగేష్ దగ్గరే ఉంది. కాస్త తటపటాయించి తీశాడు.

పన్నెండు అడుగుల గది, పైన రేకులు. రెండే తలుపులు. ముందుది అరుగు మీదికి, వెనకది నీళ్లలోకి దిగే మెట్ల మీదికి. ఆ మెట్ల చుట్టూ తుంగ మనిషెత్తు పెరిగింది. అక్కడ ఏం జరిగినా గట్టు మీద ఎవరికీ కనబడదు. గదిలో ఒక కుర్చీ, మూలన పెట్టెలో చెల్లో, గోడకు ఉత్సవం పోస్టరు, పైన ఫ్యాను.

రూత్ ఫ్యాను స్విచ్ వేసింది.

డబడబమని గది దద్దరిల్లింది. రెక్క ఒకటి వంగిపోయి తిరిగినప్పుడల్లా చువ్వకు కొట్టుకుంటోంది. బయట పోశమ్మ తలెత్తి చూసింది.

రూత్ స్విచ్ ఆపింది. “వీడియోల ఈ మోత లేదు సార్.”

“సంగీతానికి అడ్డమని కట్టేసుకున్నడు. ఆమాత్రం తెల్వదా?”

“అట్లనా? రేకుల కింద, మే నెలల, మూడు గంటలప్పుడు, రెండు తలుపులు ఏసుకొని, గంటసేపు.” రూత్ ముందు తలుపు, గట్టు వైపు కిటికీ మూసి గడియ పెట్టింది. వెనకది మూసే ఉంది. కుర్చీ లాగి గది మధ్యలో వేసింది. “ఇప్పుడు పన్నెండున్నర. ఇంక ఎండ ముదరలేదు. కూసోండ్రి సార్. వాయించే పని గూడ లేదు. ఊకె కూసోండ్రి.”

“నాటకాలు చేస్తున్నవా?”

“సర్వీసుల ఇంతకన్న కష్టాలు సూసిండ్రు కద.”

నగేష్ ముందు వెనక్కి తగ్గడం ఇష్టంలేక ధర్మేందర్ కూర్చున్నాడు. రూత్ గోడకు ఆనుకుని గడియారం చూస్తూ నిలబడింది. ఆమెకూ చెమట కారుతోంది. ఆమె అలవాటు పడ్డ మనిషి. నాలుగో నిమిషానికి నగేష్ నార చొక్కా వీపుకు అంటుకుంది. ఆరో నిమిషానికి ధర్మేందర్ కాలర్ గుండీ తీశాడు. తొమ్మిదో నిమిషానికి లేచి గడియ తీసి ఒక్క తోపుతో తలుపు తెరిచాడు.

“తొమ్మిది నిమిషాలు,” అంది రూత్, కిటికీ తెరుస్తూ. “సీమోను అరవై నిమిషాలు ఉన్నడంటరు. ఈ గదిల ఆ టైముల మనిషి లేడు సార్. పాట ఉంది. పాటకు ఉక్కపోయదు.”

“ఊహ,” అన్నాడు ధర్మేందర్, ముఖం తుడుచుకుంటూ. “కోర్టుల ఉక్కపోతను సాక్ష్యంగా పెడ్తవా? నవ్వుతరు.”

రూత్ గోడ మీది పోస్టరు ముందు ఆగింది. చెరువు బొమ్మ, నాలుగు వాడలు, కచేరీ జరిగే చోట్లు. ఒక్కో చోటి కింద ఈగ కాలంత అక్షరాల్లో అంకెలు. పాటలు వినడానికి వచ్చినవాళ్లెవరూ వాటిని పట్టించుకోరు. రోజూ ఇవే అంకెలతో కొట్టుకునే మనిషికి మాత్రం అవి అరిచినట్టు వినిపిస్తాయి.

“నగేష్ గారూ, పాటల పోస్టరు మీద సర్వే నంబర్లెందుకు?”

నగేష్ కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు.

“ఇదంత శిఖం భూమి. వానలు పడ్డప్పుడు నీళ్లు నిలిచే జాగ. దీన్ని అమ్మొద్దు, కొనొద్దు. నలభై కుర్చీలల్ల కూసునేటోళ్లు పాట కోసం రాలేదు కద. కిటికీలకెళ్లి చెరువు చూపెట్టి ప్లాట్లు అమ్మనీకి పిలుసుకొచ్చిండ్రు. సీమోనుకు ఎప్పుడు తెలిసింది?”

“మీకు అలవాటైన బురదలోకే అన్నీ లాక్కుపోతారు,” అన్నాడు నగేష్. గొంతు మాత్రం మునుపటిలా లేదు.

అరుగు మీద అడుగుల చప్పుడైంది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి వీపున చెల్లో పెట్టె మోసుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. పేరు స్తుతి, సీమోను శిష్యురాలు. ఆదివారం కచేరీ ఆగకూడదని గురువు స్థానంలో వాయించడానికి నగేష్ ఆమెను పిలిపించాడు. మనిషి పోయి రెండు రోజులు కాలేదు, కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదని అతని బాధ.

“తర్వాత రామ్మా,” అన్నాడు నగేష్.

“ఉండనీ,” అన్నాడు ధర్మేందర్. ఓడిపోయిన చెమట ఇంకా ఆరలేదు; ఎవరో ఒకరి ముందు గెలవాలి. “ఈమె సీమోను దగ్గర నేర్చుకుంది. ఈమెనే చెప్పమందాం. బిడ్డా, ఇది మీ సారేనా కాదా, జర రూతమ్మకు చెప్పు.” అంటూ వీడియో నొక్కాడు.

చెల్లో మోగింది. దగ్గు. కీచు.

స్తుతి వీపు మీది పెట్టె దించి గోడకు ఆనించింది. “మళ్లొకసారి పెట్టండి,” అంది.

మళ్లీ పెట్టాడు.

“ఇది సార్ కాదు,” అంది స్తుతి. “నేను.”

ధర్మేందర్ వీడియో ఆపాడు.

“ఈ వీడియో ఇంతకుముందు చూడలేదా?” అని అడిగింది రూత్ మెల్లగా.

“సార్ పోయినంక ఆ పేజీ చూడబుద్ధి కాలేదక్కా. పోయిన శనివారం ఇంట్ల రికార్డు చేసుకున్న. ఆ రోజు నాకు మస్తు జలుబు. దగ్గంగనే విల్లు జారింది. గీ కీచు నాదే. సార్‌కైతే కలల గూడ జారదు.”

“ఆ రికార్డింగ్ నీ దగ్గరున్నదా?”

స్తుతి ఫోనులో వెతికి తెరిచింది. ఇరవై నిమిషాల ఫైలు. రెండో నిమిషం దాటగానే ఆపి, ధర్మేందర్ చేతిలోని ఫోను తన చేతిలోకి తీసుకుంది రూత్. రెండు ఫోన్లూ పక్కపక్కన కుర్చీ మీద పెట్టి, దగ్గుకు కాస్త ముందు నుంచి ఒకేసారి నొక్కింది. రెండు చెల్లోలు ఒకటిగా కదిలాయి. రెండు దగ్గులు ఒకే దగ్గుగా వినిపించాయి. కీచు కూడా.

గుమ్మంలో నిలబడి ఉన్న పోశమ్మ, “గదే,” అంది. “మంగళారం మూడుమాట్ల ఇన్న.”

“ఇరవై నిమిషాల పాట, మూడుసార్లు,” అంది రూత్. “అరవై నిమిషాలు. మూడింటి నుంచి నాలుగు దాకా ఈ గదిల ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు మాత్రమే ఉన్నయి. సీమోను అప్పటికే పోయిండు, ఎనక మెట్ల కాడ నీళ్లల్ల. నాలుగు పదికి వల ఏసిన ఎల్లేశ్‌కు చచ్చిపోయిన మనిషి దొరికిండు, గంతే. నగేష్ గారూ, సంగీతోత్సవానికి డైరెక్టర్ అంటిరి. గురువు వాయించుడేదో, దగ్గుకుంట నేర్చుకునే పిల్ల వాయించుడేదో మీకు తేడా తెల్వకపాయె.”

నగేష్ చెంపలు ఎర్రబడ్డాయి. హంతకుడివి అన్నా ఇంతగా నొచ్చుకోడేమో అన్నట్టు కనిపించాడు.

రూత్ అక్కడే నిలబడి ఎస్సైకి ఫోను చేసింది. స్పీకరు పెట్టి రెండు రికార్డింగులూ వినిపించింది. ఎస్సై రెండుసార్లు విన్నాడు, పోశమ్మతో మాట్లాడాడు, స్తుతితో మాట్లాడాడు. ఎల్లేశ్‌ను ఇవాళ కోర్టుకు తీసుకుపోనని, తానే బయల్దేరి వస్తున్నానని, అరగంట పడుతుందని, అంతవరకు ఎవరినీ కదలనివ్వొద్దని చెప్పాడు. పోశమ్మ గడప మీదే కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“నీళ్లు తాగు అత్తా,” అంది రూత్. “నీ కొడుకు ఇయ్యాల జైలుకు పోడు.”

ధర్మేందర్ తన ఫోను తీసుకుని కండువాతో మెడ తుడుచుకున్నాడు. “బాగనే చేసినవ్,” అన్నాడు ఆమె వైపు చూడకుండా. “నాకు జర గాలి కావాలె. కారు కాడ ఉంట.” మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఓడిన మనిషి వీపు చూడాలని రూత్‌కు కొంచెం కూడా అనిపించలేదు. ఇంకా అడగాల్సినవి ఉన్నాయి.

“సీమోనుకు ఈ ప్లాట్ల సంగతి ఎట్ల తెలిసింది, నగేష్ గారూ?”

“నాకేమీ తెలీదు. అది రికార్డింగే అనుకోండి. అయితే ఏంటి? మూడింటికి అది మోగినప్పుడు నేను దారిలో ఉన్నాను. నాలుగింటికి ఆగినప్పుడు కొంగరకలాన్‌లో ఉన్నాను. తీసిందెవరు? నేను అయిదున్నరకు వచ్చేసరికి ఈ గదిలో స్పీకరు లేదు.”

అతను అన్నది నిజమేనని రూత్‌కు తోచింది. దొంగమాట చెప్పేవాడు అంత తొందరగా చెప్పడు. లేని స్పీకరు గురించి, ఎవరూ అడగకుండా, అంత కచ్చితంగానూ చెప్పడు. స్పీకరు ఉండాలని అతనికి తెలుసు. తీసింది మాత్రం అతను కాదు.

“స్తుతీ, ఈ ఫైలు ఎవరెవరికి పంపినవ్?”

“సార్‌కే. ఆదివారం. తప్పులు చెప్తరని. ఇంకెవ్వరికి పంపలే.”

“అంటే సీమోను ఫోన్ల నుంచే మోగింది. ఆయన వాయించిందే అనుకొని పెట్టుకున్నరు. ఆ ఫోను ఇంతవరకు దొరకలేదు.”

స్తుతి చేతిలో ఫోను టిక్కుమంది. ఆమె చూసింది. తెర రూత్ వైపు తిప్పింది.

పైన పేరు: సీమోను సార్. కింద ఒకే వరుస. ‘ఆ ఫైలు తీసెయ్. ఆమెతో ఇంకొక్క మాట మాట్లాడినా నీ సారు పోయిన తొవ్వలనే పోతవ్.’

రూత్ చప్పున, కుర్చీలో కూలబడి ఉన్న నగేష్‌ను చూసింది. అతని రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి. అతని ఫోను కుర్చీ పక్కన నేల మీద ఉంది. అతను వంగి ఆ పేరు చదివాడు, రక్తమంతా దిగిపోయినట్టు తెల్లబడ్డాడు. “పగలగొట్టేశానన్నాడు,” అన్నాడు తనలో తను.

“ఎవరు?”

నగేష్ నేల మీది తన ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

రూత్ స్తుతి చేతిలోని ఫోను తీసుకుని అదే నంబరుకు కాల్ చేసింది. రెండుసార్లు మోగింది. ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

గట్టు మీద మామిడిపండ్ల ఆటో వచ్చింది. “కోహెడ బంగినపల్లి, తియ్యటి బంగినపల్లి” అని దాని మైకు అరుస్తోంది. ఆ అరుపు కిటికీలోంచి రూత్ ఎడమ చెవిలో పడింది. అర క్షణం ఆలస్యంగా, కుడి చెవికి ఆనించిన ఫోనులోంచి కూడా పడింది.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆటో నల్లటి కారును దాటిపోతోంది. కారు పక్కన ధర్మేందర్ ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చెవి దగ్గర ఫోను. ఇందాక వీడియో చూపించినది కాదు, ఎర్ర కవరుది.

“ధర్మేందర్ సార్,” అంది రూత్ ఫోనులో. “బుధవారం వచ్చిన అంటిరి. మంగళవారం మూడింటికి ఈ గదిల పాట పెట్టింది, నాలుగింటికి స్పీకరు తీసింది మీరేనా?”

అతను మెల్లగా ఇటు తిరిగాడు. ఇందాకటి నుంచి ఆమెను చూసిన ప్రతిసారీ ఆ ముఖంలో ఉన్న వెటకారం ఇప్పుడు లేదు. కారు తలుపు తెరిచి సీటు కింద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బయటికి వచ్చినప్పుడు అందులో ఉన్నది పిస్తోలని అంత దూరం నుంచి కూడా రూత్‌కు తెలిసిపోయింది.

“అత్తా,” అంది వెనక్కి తిరగకుండానే, “స్తుతిని తీస్కొని ఎనక మెట్ల మీదికెళ్లి దిగు. తెప్ప ఎక్కి అవతలి గట్టుకు పో. ఎస్సై వచ్చేదాక ఇటు రాకు.”

పోశమ్మ ఎందుకని అడగలేదు. ఆ పిల్ల రెక్క పట్టుకుని వెనక తలుపు తీసింది. నీళ్ల చప్పుడు వినిపించింది.

రూత్ చెవి దగ్గర ఫోను ఇంకా బతికే ఉంది.

“అరగంట అన్నడు కద ఎస్సై,” అన్నాడు ధర్మేందర్, మెట్ల వైపు నడుస్తూ. “నాకు అయిదు నిమిషాలు సాలు.”